ఏడు గుర్రాల బండి

1967. అమెరికాలో హోండా మోటార్‌సైకిళ్ళు అమ్ముకునే డీలర్లకు చలికాలమంటే బెంగ. మంచు పడ్డాక రెండు చక్రాల బండి కొనేవాడుండడు. తెచ్చిన సరుకు కొట్లోనే ఉండిపోతుంది, ఖర్చులు మాత్రం ఆగవు. మంచులో, బురదలో, ఇసుకలో కూడా పరుగెత్తే బండి ఏదన్నా చేసిపెట్టండని వాళ్ళు కంపెనీని అడిగారు. ఆ పని ఒసాము టకెయుచి అనే జపాన్ ఇంజినీరు చేతికొచ్చింది.

చూసి చేయడానికి ఆయన ముందు అలాంటి బండి లేదు. రెండు చక్రాలైతే ఎలా ఉంటుందని ఆలోచించాడు. మూడు, నాలుగు, ఐదు, ఆఖరికి ఆరు చక్రాల దాకా వెళ్ళి, తిరిగి మూడు దగ్గర ఆగాడు. ముందు ఒకటి, వెనక రెండు. జారే నేల మీద నిలబడుతుంది, ఇరుకు చోట తిరుగుతుంది, నడపడం తొందరగా పట్టుబడుతుంది. హోండావాళ్ళ ఎస్.టి.70 అనే పొట్టి మోటార్‌సైకిల్ అప్పటికే చేతిలో ఉంది. దాని వెనక భాగాన్ని మార్చి రెండు చక్రాలు తగిలించి నమూనా తయారుచేశారు.

మామూలు టైరు మంచులో దిగబడిపోతుంది. ఆ రోజుల్లో ఆంఫిక్యాట్ అని నీళ్ళలోనూ నేలమీదా నడిచే ఆరు చక్రాల బండి ఒకటుండేది. దాని టైర్లు లావుగా ఉండేవి, లోపల గాలి మాత్రం చాలా తక్కువ. దాన్ని చూశాక టకెయుచి బృందం 22 అంగుళాల సొంత టైరు చేసుకుంది. గాలి తక్కువైతే టైరు నేలమీద పరుచుకుంటుంది, బరువు ఎక్కువ మేర పంచుకుంటుంది, దిగబడదు. గతుకుల దెబ్బ కూడా ఆ టైరే తీసుకుంటుంది గనక స్ప్రింగుల అవసరం లేకుండా పోయింది.

చిక్కు తీరిందనుకున్న చోటే ఇంకో చిక్కు వచ్చింది. ఆ లావు టైర్లు మూడింటినీ లాగడం 70 సి.సి. ఇంజన్ వల్ల కాలేదు.

అప్పుడాయన 70ని పక్కనపెట్టి, 89 సి.సి. ఇంజన్ పెట్టించాడు. ఒక సిలిండరు, నాలుగు స్ట్రోకులు, 7 హార్స్‌పవర్. చిన్న బండికి పెద్ద ఇంజన్ ఎక్కించడమనే పని ఈ జాతి బండ్ల పుట్టుకలోనే ఉందన్నమాట. ఇవాళ ఏ ఊళ్ళో ఏ షెడ్డులో క్వాడ్ అనే పిల్లల నాలుగు చక్రాల బండిని తలకిందులు చేసి దాని ఇంజన్ ఊడదీసినా, ఆ కుర్రాళ్ళు తెలియకుండానే టకెయుచి నడిచిన దారిలో నడుస్తున్నారు. అయితే సగం దారే నడుస్తున్నారు. ఆ మిగతా సగం కోసమే నేనీ కథ రాస్తున్నాను.

ఎందుకంటే టకెయుచి ఇంజన్ ఒక్కటే మార్చి ఊరుకోలేదు. నాలుగు గేర్లకు ఎక్కువ వరస, తక్కువ వరస అని రెండు వరసలు పెట్టాడు, బురదలో నెమ్మదిగా బలంగా, గట్టినేల మీద తేలిగ్గా నడవడానికి. క్లచ్ చేత్తో నొక్కక్కర్లేకుండా ఆటోమేటిక్ చేశాడు. చాసిస్, యాక్సిల్, టైరు, ఇంజన్ అన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటూ తయారయ్యాయి. 1970లో ఆ బండి యు.ఎస్.90 పేరుతో 595 డాలర్లకు అంగట్లోకి వచ్చింది. తరవాత దాని పేరు ఏ.టి.సి.90 అయింది. 1971లో 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' సినిమాలో జేమ్స్ బాండ్ వేషంలో షాన్ కానరీ దాన్నెక్కి పరుగెత్తాడు.

ఏడు హార్స్‌పవర్ అంటే ఎంతో మనవాళ్ళకు చెప్పడం తేలిక. మనూళ్ళ రోడ్ల మీద తిరిగే స్ప్లెండర్‌కు ఉన్నది ఇంచుమించు అంతే, ఎనిమిదికి దగ్గర. దాని మీద ఇద్దరు పెద్దవాళ్ళు, బియ్యం బస్తా సహా సంతకు పోయి వస్తారు. జంషెడ్‌పూర్‌లోని మా సీతారాండేరాలో ఉన్న తెలుగు ఇళ్ళ పెద్దలు చాలామంది వచ్చిన శ్రీకాకుళం జిల్లాలో అరసవల్లి సూర్యనారాయణమూర్తి రథానికీ ఏడు గుర్రాలే. ఆ ఏడింటినీ పట్టడానికి స్వామి సారథిగా అనూరుణ్ణి పెట్టుకున్నాడు గానీ పగ్గాలు పిల్లల చేతికివ్వలేదు.

పిల్లల బండ్లు ఆ తరవాతే వచ్చాయి. 1973లో హోండా ఏ.టి.సి.70 తెచ్చింది, అదే మూడు చక్రాల బండి, చిన్న సైజులో. 1980ల మొదట్లో వ్యాపారం పెరిగింది, వేగమూ పెరిగింది. 1981లో వచ్చిన ఏ.టి.సి.250ఆర్ పందాల కోసమే పుట్టినట్టుండేది. సుజుకి 1983 మోడల్‌గా తెచ్చిన క్వాడ్‌రన్నర్ ఎల్.టి.125తో నాలుగో చక్రం వచ్చింది. మరుసటి ఏడాది పిల్లల కోసం అదే కంపెనీ ఎల్.టి.50 అమ్మింది. ఇవాళ మనం పిల్లల క్వాడ్ అంటున్న బండి తరం అక్కడ మొదలైంది.

ఈ బండి ఎలా తిరుగుతుందో తెలిస్తే తప్ప తరవాత జరిగింది అర్థం కాదు.

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి. ఆ తేడా సర్దడానికి కారులో డిఫరెన్షియల్ ఉంటుంది. పిల్లల క్వాడ్‌లో అది ఉండదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉంటాయి. రెండూ కలిసే తిరుగుతాయి, తప్పదు. కాబట్టి మలుపులో లోపలి చక్రం నేలమీద జారితేనే బండి తిరుగుతుంది. జారాలంటే దానిమీద బరువు తగ్గాలి. ఆ బరువు తగ్గించేది నడిపేవాడు. ఒళ్ళు మలుపు లోపలికి వంచి, బయటివైపు కాలు ఫుట్‌రెస్ట్ మీద గట్టిగా తొక్కిపెట్టి, బరువును అటు తోయాలి. హ్యాండిల్ సగం పనే చేస్తుంది, మిగతా సగం ఒంటి బరువు చేయాలి.

డెబ్బై కిలోల మనిషి ఒరిగితే బండికి తెలుస్తుంది. పాతిక కిలోల పిల్లవాడు ఎంత ఒరిగినా, తనకు రెండుమూడింతలున్న బండికి అది లెక్కలోకి రాదు. వేగం తక్కువుంటే ఇది పైకి కనపడదు. వేగం పెరిగాక మలుపులో బండి తిన్నగా దూసుకుపోతుంది, కాకపోతే బయటి చక్రాల మీద లేచి పల్టీ కొడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇస్తే ముందు చక్రాలు లేస్తాయి. పెద్దవాడు ముందుకు వంగి దాన్ని దింపుతాడు. పిల్లవాడు భయపడి హ్యాండిల్‌ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. యాక్సిలరేటర్ ఉన్నది బొటనవేలి కిందే గనక ఆ పట్టులో అది ఇంకాస్త నొక్కుకుంటుంది. బండి వెనక్కి తిరగబడి వాడి మీదే పడుతుంది.

అమెరికాలో ఇవే జరిగాయి. చిన్న బండ్ల మీద కొన్ని జరిగితే, పెద్దవాళ్ళ బండి పిల్లలకిచ్చిన చోట ఇంకా ఎక్కువ జరిగాయి. వందల మంది చనిపోయారు. వాళ్ళలో దగ్గరదగ్గర సగం మంది 16 ఏళ్ళ లోపువాళ్ళు. ప్రభుత్వం 1987 డిసెంబరు 30న వాషింగ్టన్‌లోని జిల్లా కోర్టులో హోండా, యమహా, సుజుకి, కవాసాకి, పొలారిస్ కంపెనీల మీద దావా వేసింది. అదే రోజు రాజీ పత్రం కూడా దాఖలైంది. కేసు న్యాయమూర్తి గెర్హార్డ్ గెసెల్ ముందుకు వచ్చింది.  1988 ఏప్రిల్ 28న ఆయన ఆ రాజీకి ఆమోదం తెలిపాడు. కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. టకెయుచి బండికి ఆ దేశంలో అంగడి మూతపడింది. కొన్నవాళ్ళకు ఉచితంగా శిక్షణ ఇవ్వాలి, బండి మీద హెచ్చరిక అతికించాలి. 12 ఏళ్ళు నిండనివాళ్ళకు 70 సి.సి. పైన వద్దు, 16 నిండనివాళ్ళకు 90 దాటిన బండి వద్దు. ఆ ఒప్పందం పదేళ్ళు నడిచింది.

ఈ లెక్కలో ఒక లొసుగుంది. వయసును సి.సి.తో కొలిచారు. దాంతో సి.సి. ఒక్కటే జనం నోట మిగిలింది. పిల్లవాడు రెండేళ్ళు పెరిగాడు, బండి మీద చిన్న అంకె ఉంది, అంకె పెంచితే సరిపోతుంది! కొత్త బండి కొనడం కంటే ఇంజన్ మార్చడం చవక. చైనా నుంచి ఇంజన్లు వచ్చాక అది మరీ చవకైంది.

ఆ ఇంజన్ల వంశం చెప్పుకోదగ్గది. 1958లో హోండా సూపర్ కబ్ అనే బండిని 49 సి.సి. ఇంజన్‌తో తెచ్చింది. సిలిండరు నిలువుగా కాకుండా ముందుకు పడుకుని ఉంటుంది. 2017 నాటికి ఆ కబ్ బండ్లు పది కోట్లు తయారయ్యాయి. చైనాలో లెక్కలేనన్ని కంపెనీలు ఆ పడుకున్న ఇంజన్‌కు నకళ్ళు పోశాయి. 50, 70, 90, 110, 125 అంటూ సైజులు పెంచుతూ పోయారు గానీ, చాసిస్‌కు బిగించే బోల్టుల దూరం చాలావాటిలో మార్చలేదు. అందుకే 70 ఊడదీసి 125 పెట్టడం ఒక పూట పని. బోల్టులు కూర్చుంటాయి, గొట్టం కలుస్తుంది, కిక్ కొడితే మోగుతుంది. అంత సులువుగా కూర్చునేసరికి బండి దానికి ఒప్పుకుందని మనకనిపిస్తుంది. ఈ పనిలో ప్రమాదమంతా ఆ భ్రమలోంచే పుడుతుంది.

ఆ వంశంలోని బండి మన ఇళ్ళలోనూ ఉంది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, దాని తరవాతి స్ప్లెండర్, రెండింటి ఇంజన్లూ ఆ పడుకున్న సిలిండరు కుటుంబానివే. స్ప్లెండర్ పిస్టను 50 మిల్లీమీటర్ల వెడల్పు, దాని నడక 49.5, మొత్తం 97.2 సి.సి. చైనా 107 సి.సి. ఇంజన్‌లో పిస్టను వెడల్పు 52.4, నడక మాత్రం అదే 49.5. వేరువేరు దేశాల్లో పుట్టిన రెండు ఇంజన్లకు నడక ఒకటే ఉందంటే తాత ఒక్కడే అని అర్థం.

జంషెడ్‌పూర్‌లో ఇంజన్ అంటే ఇంట్లో మాట్లాడుకునే మాట. 1907లో పుట్టిన టాటా ఉక్కు కంపెనీ పని కోసం, ఆ తరవాత 1945లో మొదలైన టెల్కో కోసం ఉత్తరాంధ్ర నుంచి కుటుంబాలు తరలివచ్చాయి. టెల్కో మొదట రైలింజన్లు చేసింది. 1954 నుంచి డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు చేసింది. 1993లో టాటా కమిన్స్ వచ్చింది. సువర్ణరేఖ ఒడ్డున భుయ్యాఁడీ, ఎగ్రికో, భాలుబాసా పక్కన ఉన్న మా సీతారాండేరాలోనూ ఆ కర్మాగారాల జీతం మీద బతికిన ఇళ్ళున్నాయి. లారీకి పెద్ద ఇంజన్ పెట్టాలంటే క్లచ్, గేరుపెట్టె, రేడియేటరు, బ్రేకులు అన్నీ మళ్ళీ లెక్కగట్టాలని ఇక్కడ కార్మికుడి పిల్లలకు కూడా తెలుసు. ఫ్యాక్టరీలో లారీకి చూపించే ఆ జాగ్రత్త, ఇంటి వెనక పిల్లవాడి బండి దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుందో నాకు అర్థం కాదు.

చిన్న ఇంజన్లతో కొత్త బండ్లు కట్టే విద్య మన తెలుగువాళ్ళకు బాగా పట్టుబడిందే. హైదరాబాద్ బహదూర్‌పురాలో కె. సుధాకర్ వంకాయ ఆకారంలో, క్రికెట్ బ్యాట్ ఆకారంలో కార్లు చేసి 2010లో మ్యూజియమే పెట్టాడు. 2005 జూలై 1న ఆయన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్‌కెక్కాడు. ఆ చేతులు చూస్తే నాకు గర్వం. ఈ వ్యాసం ఆ విద్యకు అడ్డుపడాలని రాయడం లేదు.

ఇప్పుడు సీతారాండేరాలో ఒక షెడ్డు దగ్గరికి వెళదాం. ఇక్కడి మనుషుల్ని నేను కల్పించుకున్నాను. ఫలానా ఇంటివాళ్ళని వెతకొద్దు. ఇనుము గురించి వాళ్ళు మాట్లాడేదంతా మాత్రం నిజం. టెల్కోలో పనిచేసి రిటైరైన ముసలి మిస్త్రీ ఒకాయన, ఆయన్ని చిన్నాన్నా అని పిలిచే ఓ కుర్ర తండ్రి, వాళ్ళ మధ్య ఎర్రరంగు వేసిన చైనా క్వాడ్.

"చిన్నాన్నా, గుంటడికి ఈ బండి సాలట్లేదు. స్ప్లెండర్ ఇంజను పెట్టేద్దాం. పాత సామాన్లలో దొరుకుతాది."

"గుంటడికి ఎన్నేళ్ళురా?"

"ఎనిమిది నిండి తొమ్మిదొచ్చింది."

"బరువెంత?"

"బండిదా?"

"గుంటడిది."

తండ్రి ఆలోచించాడు. "పాతిక ఉంటాడేమో."

మిస్త్రీ బండి చుట్టూ తిరిగి హ్యాండిల్ ఎడమవైపు పిడి నొక్కాడు. "ఇదేటి?"

"బ్రేకు."

"స్ప్లెండర్ ఇంజనుకి క్లచ్ చేత్తో నొక్కాలి గదా. ఆ పిడి ఎక్కడ పెడతావు?"

తండ్రికి ఆ సంగతి తట్టలేదు. చాలామందికి తట్టదు. పిల్లల క్వాడ్‌లలో ఎక్కువ వాటికి క్లచ్ ఆటోమేటిక్. అందుకే ఎడమచేతికి స్కూటర్‌కున్నట్టు బ్రేకు ఇస్తారు. క్లచ్ వైరు అక్కడ బిగిస్తే ఒక బ్రేకు పిడి పోతుంది. దాన్ని ఇంకెక్కడికో మార్చాలి, మార్చిన చోటికి పిల్లవాడి వేళ్ళు అందాలి. ఎడమకాలికి గేరు వస్తుంది. మలుపులో ఫుట్‌రెస్ట్ మీద గట్టిగా నిలవాల్సిన కాలికి గేరు మార్చే పని కూడా పడుతుంది. బండిలో రివర్సు ఉంటే అదీ పోతుంది, స్ప్లెండర్‌కు వెనక్కి నడిచే గేరు లేదు. గోడ దాకా వెళ్ళి ఆగిన పిల్లవాడు దిగి, బండిని వెనక్కి తోసుకోవాలి.

"పోనీ చైనాదే పెద్ద సైజు తెప్పిస్తాను. ఆటోమేటిక్కే వస్తాది, రివర్సూ ఉంటాది," అన్నాడు తండ్రి. కాస్త చదువుకునే వచ్చాడు. "బోల్టులు కూడా అవే అంట."

"బోల్టులు అవే. మరి చైను?"

చిన్న బండ్లకు తరచు వేసేది 420 నంబరు చైను. మోటార్‌సైకిళ్ళకు 428. లింకుల మధ్య దూరం రెండింట్లోనూ 12.7 మిల్లీమీటర్లే. అందువల్ల పక్కపక్కన పెట్టి చూస్తే ఒకేలా ఉంటాయి. లోపలి వెడల్పు మాత్రం ఒకదానిది 6.35, ఇంకోదానిది 7.94. సన్న చైనును వెడల్పు స్ప్రాకెట్ మీదికి ఎక్కించలేం. ఎక్కించగలిగే జత దొరికినా, రెండు మూడు హార్స్‌పవర్ లాగడానికి వేసిన చైను ఏడెనిమిది లాగుతుంటే తొందరగా సాగుతుంది, తెగినా తెగవచ్చు. తెగిన చైను వెనక యాక్సిల్‌లో చుట్టుకుంటే చక్రాలు రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. రెండూ ఒకే కడ్డీ కదా!

మిస్త్రీ వంగి ముందు చక్రం తిప్పాడు. "బ్రేకు డ్రమ్ము చూడు, ఎంతుందో. నువ్వు స్పీడు రెండింతలు సేద్దావంటున్నావు. రెండింతల స్పీడుకి బ్రేకు రెండింతలు సాలదురా. నాలుగింతలు కావాలి."

ఇందులో అతిశయోక్తి లేదు. గంటకు 24 కిలోమీటర్ల మీద ఉన్న బండిని ఆపడానికి బ్రేకు ఎంత శక్తిని మింగాలో, 48 మీద ఉన్నప్పుడు దానికి నాలుగు రెట్లు మింగాలి. బ్రేకు అదే అయితే ఆగే దూరమూ నాలుగు రెట్లవుతుంది. ఆరు మీటర్లలో ఆగే బండి ఇరవై నాలుగు మీటర్లు పోయి ఆగుతుంది. మా బస్తీల సందుల్లో ఇరవై నాలుగు మీటర్ల ఖాళీ ఎక్కడుంది?

అమెరికావాళ్ళు కూడా చివరికి కొలబద్ద మార్చుకున్నారు. 2007లో పరిశ్రమ ప్రమాణం సి.సి.ని వదిలి వేగాన్ని పట్టుకుంది. 2008లో వినియోగ వస్తువుల భద్రత కోసం చేసిన చట్టం ఆ ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది. ఆరేళ్ళు దాటిన పిల్లల బండి కొన్నరోజు గంటకు 16 కిలోమీటర్లకు మించకూడదు, బిగింపు పూర్తిగా తీసినా 24 దాటకూడదు. పదేళ్ళు దాటినవాళ్ళకైతే కొన్నరోజు 24, బిగింపు తీశాక 48.

బిగింపు అన్నది ఇక్కడ అసలు విషయం. మిస్త్రీ స్క్రూడ్రైవరు తీసుకుని యాక్సిలరేటర్ పెట్టె పక్కన ఉన్న చిన్న స్క్రూ మీద పెట్టాడు.

"ఇది ఎప్పుడైనా ముట్టుకున్నావా?"

"లేదు చిన్నాన్నా. అదేటి?"

"ఇది లోపలికి ఎంత తిరిగుంటే యాక్సిలరేటర్ అంత తక్కువ తెరుసుకుంటాది. ఫ్యాక్టరీవోడు గుంటడికి ఆరేళ్ళప్పటి లెక్కకి బిగించి పంపాడు. మీవోడు మూడేళ్ళు పెరిగాడు. స్క్రూ అక్కడే ఉంది."

తండ్రి నవ్వలేదు. ఇంజన్ చిన్నదని కోప్పడుతున్న బండి ఇన్నాళ్ళూ సగం నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. బండి చేసినవాడు పిల్లవాడు పెరుగుతాడని ముందే తలచి, ఆ పెరుగుదలకు ఒక స్క్రూ పెట్టి పంపాడు. నైపుణ్యం చూసి ఒక్కొక్క చుట్టు విప్పుకుంటూ పోవాలి. పాతబడిన పిల్లల బండి లాగడం లేదంటే సామాన్యంగా కారణాలు ఇవే: ఈ స్క్రూ, మురికి పట్టిన కార్బురేటర్, అరిగి వేలాడే చైను, వదలకుండా పట్టేసుకున్న బ్రేకు, టైర్లలో తగ్గిన గాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త ఇంజన్ మందు కాదు.

"మరి పదకొండు, పన్నెండేళ్ళొచ్చాక?" అని అడిగాడు తండ్రి. మంచి ప్రశ్నే.

మిస్త్రీ చాసిస్ మీద అరచెయ్యి పరిచి చూపించాడు. ముందు, వెనక చక్రాల మధ్య దూరం. హ్యాండిల్ ఎత్తు. సీటు నుంచి ఫుట్‌రెస్ట్ దాకా లోతు. పిల్లవాడు ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడితే సీటుకూ వాడికీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు మోకాలికి తగలకూడదు. రెండు చేతులూ బ్రేకు పిడిని తేలిగ్గా అందుకోవాలి. పన్నెండేళ్ళ పిల్లవాడు ఈ బండి మీద నిలబడితే మోకాళ్ళు హ్యాండిల్‌కు కొట్టుకుంటాయి. అప్పుడు పెద్ద ఇంజన్ ఎందుకు, వాడికి పెద్ద బండే కావాలి. ఇరుకు చక్రాల పొట్టి చాసిస్ మీద పొడుగు పిల్లవాణ్ణీ పెద్ద ఇంజన్‌నూ కలిపి ఎక్కిస్తే మూడూ ఒకదానికొకటి శత్రువులవుతాయి. టకెయుచి పెద్ద ఇంజన్ పెట్టింది, అప్పటికే పెద్ద టైర్లు వేసి, పెద్దవాడు కూర్చునే బండి కోసం. ఆ క్రమాన్ని మనం తలకిందులు చేస్తున్నాం.

మిస్త్రీ అంటే చట్టం గురించి కూడా రెండు ముక్కలు చెప్పగలగాలి. నాలుగు చక్రాలుండి రోడ్డెక్కితే ఇది మన చట్టం దృష్టిలో బొమ్మ కాదు, మోటారు వాహనం. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన లక్షణాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని తేల్చింది. అదే ఏడాది చట్టాన్ని సవరించారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పిల్లవాడు బండి నడిపి నేరం జరిగితే 199ఏ సెక్షన్ కింద తండ్రికో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఎనిమిదేళ్ళ పిల్లవాడి సరదా కోసం తండ్రి చేసిన పని, వాడు డిగ్రీ చదివి ఉద్యోగానికి తిరిగే రోజుల్లో వాడి మెడకు చుట్టుకుంటుంది.

తండ్రి కాసేపు బండి చుట్టూ తిరిగాడు. ఆ నిరాశ నాకు అర్థమవుతుంది. పిల్లవాడికి మాటిచ్చి వచ్చాడు. ఇంజన్ మార్చిన బండి మొదటిసారి మోగినప్పుడు తండ్రీకొడుకులిద్దరి ముఖాల్లో వచ్చే వెలుగు దేనితోనూ కొనలేం. మెకానిక్ పని మీద ప్రేమ అలాంటి మధ్యాహ్నాల్లోనే పుడుతుంది. దాన్ని చంపకూడదు. మిస్త్రీకీ అది తెలుసు.

"ఇంజను దింపుదాం లే," అన్నాడు. "మార్చడానికి కాదు. ఇదే ఇంజను ఇప్పి, కడిగి, మళ్ళీ బిగిద్దాం. ఆదివారం గుంటణ్ణి కూడా తీసుకురా. పిస్టన్ ఎలాగుంటాదో ఆడి చేత్తో పట్టుకుని చూడాల. రింగులు అరిగితే మారుద్దాం. కార్బురేటరు ఆడే కడుగుతాడు."

"స్క్రూ?"

"ఒక్క చుట్టు ఇప్పుదాం. నెల్రోజులు గోడలున్న మైదానంలో తిప్పి, సూపించు. ఆగమన్నచోట ఆగుతున్నాడంటే ఇంకో చుట్టు."

"స్ప్లెండర్ ఇంజను మాట?"

"తెచ్చి పెట్టు. పదహారేళ్ళొచ్చేసరికి ఆడికి వెల్డింగ్ నేర్పుతాను. చాసిస్ మొదలెట్టి బండి మొత్తం ఆడే కడతాడు, దానికి సరిపడా."

తండ్రి క్వాడ్‌ను పక్కకు తిప్పి పెట్టాడు. మిస్త్రీ అప్పటికే కావలసిన సరుకు చీటీ రాస్తున్నాడు: పిస్టన్ రింగుల సెట్టు ఒకటి, హెడ్ గ్యాస్కెట్, 420 చైను, ముందు బ్రేకు షూలు రెండు జతలు, పిల్లల సైజు హెల్మెట్.